డీజిల్ పికప్‌కి ఏ ఫిల్టర్ వేయాలి, ఏ అడిటివ్ పోయాలి? 4,000 కి.మీ.లోనే ఫిల్టర్ మూసుకుపోతోంది

లోడుబండి

అందరికీ నమస్కారం. నాది కామన్ రైల్ డీజిల్ పికప్, అంటే డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లన్నిటికీ రైల్ అనే ఒకే గొట్టంలోంచి ఎక్కువ పీడనంతో ఇంధనం అందే రకం. 1,60,000 కి.మీ. తిరిగింది. మొన్నమొన్నటి దాకా ఏ పేచీ పెట్టలేదు. ఈమధ్య లోడుతో ఎత్తు ఎక్కుతుంటే బండి లాగడం మానేసింది. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినా స్పీడు అందుకోదు, చెక్ ఇంజిన్ లైటు వస్తుంది. ఖాళీగా, చదును రోడ్డు మీద మాత్రం బాగానే పోతుంది. స్కానర్ పెట్టిస్తే పీ0087 అని చూపించింది, అంటే రైల్లో ఇంధన పీడనం తక్కువ. ఫిల్టర్ మార్చగానే బండి కొత్తదానిలా అయింది. కానీ 4,000 కి.మీ. తిరగకముందే మళ్లీ అదే తంతు. మాన్యువల్ ప్రకారం ఫిల్టర్ 30,000 కి.మీ. రావాలి.

ఇప్పుడు మూడోది కొనాలి. నా ముందు మూడు ఉన్నాయి: బండితో వచ్చే రకం, పెట్టె మీద 2 మైక్రాన్ (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) అని పెద్దక్షరాలతో ఉన్నది, మైక్రాన్ సంగతే రాయని చవక రకం. వాటికి తోడు నాలుగు రకాల అడిటివ్ సీసాలు, అంటే డీజిల్‌లో కలిపే మందులు. వీటిలో ఏది వేస్తే ఈ బాధ తీరుతుంది? హై ప్రెజర్ పంపు పోతే పరిస్థితేంటని తెగ టెన్షన్‌గా ఉంది.

నాజిల్_మేస్త్రి

కొత్తది కొనే సంగతి తర్వాత చూద్దాం. తీసిన పాత ఫిల్టర్ పారేశారా, ఉందా? ఉంటే దాన్నే ముందు అడగండి, రోగం ఏంటో అదే చెబుతుంది.

రంపంతో కోస్తే ఇనప రజను లోపల పడి మనల్ని మోసం చేస్తుంది. అందుకని డబ్బా కోసే కట్టర్‌తో అంచు చుట్టూ తీయండి. లోపలి కాగితం మడతల్ని బ్లేడుతో కోసి, తెల్లటి గుడ్డ మీద పరిచి, ఎండలో చూడండి. ఎర్రగా ఇసుకలా తగిలితే ట్యాంకులో తుప్పు. నల్లగా, ఎండిన తారు పూతలా ఉంటే వేడికి పాడైన డీజిల్. జారుడుగా, పాకుడు పట్టినట్టుంటే ట్యాంకులో నీళ్లు నిలిచి సూక్ష్మజీవులు పెరిగినట్టు. బంగారు రంగులోనో వెండి రంగులోనో మెరుపు కనిపిస్తే అది పంపు అరిగిన రజను, ఇక ఇంజిన్ తిప్పకండి.

లోడుబండి

ఫిల్టర్ దాచే ఉంచాను, రేపు కోస్తాను. చిన్న అనుమానం అన్నా. ఫిల్టర్ ఉండేది పంపుకి ముందు కదా. పంపు అరిగిన రజను అందులోకి ఎలా వస్తుంది?

నాజిల్_మేస్త్రి

మంచి ప్రశ్న. పంపు లాగిన డీజిల్ అంతా సిలిండర్లలోకి వెళ్లదు. కాలేది కొంతే. మిగతాది పంపునీ ఇంజెక్టర్లనీ చల్లబరిచి, కందెన పని చేసి, వేడిగా రిటర్న్ లైన్లోంచి ట్యాంకుకి తిరిగొస్తుంది. పంపు అరుగుతుంటే ఆ రజను కూడా దాంతోపాటే ట్యాంకులోకి చేరుతుంది. అక్కణ్ణుంచి మళ్లీ ఫిల్టర్‌కి వస్తుంది. అందుకే ఫిల్టర్లో మెరుపు కనిపించిందంటే అది ఇవాళ మొదలైన జబ్బు కాదు.

సన్నజల్లెడ

నా అనుభవంలో ఎంత సన్న ఫిల్టర్ అయితే అంత మంచిది. కామన్ రైల్లో పీడనం 1,600 నుంచి 2,500 బార్ దాకా ఉంటుంది. 2,000 బార్ అంటే చదరపు సెంటీమీటరు మీద రెండు టన్నుల బరువు మోపినట్టు. ఆ పీడనాన్ని ఆపేది రబ్బరు సీలు కాదు, ఉక్కు మీద ఉక్కు ఒరుసుకునేంత దగ్గరగా చెక్కిన భాగాలే. వాటి మధ్య సందు కొన్ని మైక్రాన్లే. తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. అంటే కంటికి ఆనని నలక కూడా అక్కడ ఉప్పుకాగితంలా పనిచేస్తుంది. కాబట్టి లోడుబండి గారూ, 2 మైక్రాన్‌దే వేయండి. ఖర్చు గురించి ఆలోచించకండి.

కొలతబద్ద

సన్నజల్లెడ గారు చెప్పిన కారణం నూటికి నూరు పాళ్లు నిజం. అయితే పెట్టె మీద 2 మైక్రాన్ అని ఉన్నంత మాత్రాన ఆ పని జరుగుతుందని అనుకోవద్దు. నేను ఫిల్టర్లు పరీక్షించే ల్యాబ్‌లో పనిచేశాను కాబట్టి ఇది కాస్త వివరంగా చెప్పాలి.

2 మైక్రాన్ల నలకల్ని సగమే పట్టే ఫిల్టర్ మీద కూడా 2 మైక్రాన్ అని రాయవచ్చు. దాన్ని నామినల్ రేటింగ్ అంటారు. ఎంత శాతం పట్టుకుంటే నామినల్ అనాలో అందరూ ఒప్పుకున్న లెక్కంటూ లేదు. మీరు వెతకాల్సింది బీటా రేషియో. ఫలానా సైజు నలకలు ఫిల్టర్లోకి 200 వెళ్తే బయటికి ఒక్కటే వచ్చిందనుకోండి, ఆ సైజు దగ్గర బీటా 200, అంటే 99.5 శాతం పట్టుకున్నట్టు. బీటా 2 అంటే సగం లోపల, సగం ఇంజెక్టర్లో. బీటా 75 అంటే 98.7 శాతం, బీటా 1000 అంటే 99.9 శాతం.

బీటా 2 ఉన్న 2 మైక్రాన్ ఫిల్టర్ కన్నా, 4 మైక్రాన్ల దగ్గర బీటా 200 ఉన్నది ఎన్నో రెట్లు నయం. డీజిల్ ఫిల్టర్ ఎంత పట్టిందో కొలిచే పద్ధతి ఐఎస్ఓ 19438, నీటిని ఎంత విడదీసిందో కొలిచేది ఐఎస్ఓ 16332. ఈ రెండింటి ఫలితాలూ ఇచ్చే తయారీదారు దగ్గర కొనండి. ఏ సంఖ్యా రాయని మూడో రకం జోలికి మాత్రం దయచేసి వెళ్లకండి.

ఇంకొకటి. సన్నగా వడకట్టాలంటే కాగితం వైశాల్యం కూడా పెరగాలి. అదే డబ్బాలో, అన్నే మడతలతో కాగితం మాత్రం సన్నం చేస్తే తొందరగా మూసుకుపోతుంది. 4,000 కి.మీ.కే అడ్డం పడుతున్న ట్యాంకుకి దాన్ని వేస్తే 2,000కే రోడ్డు మీద నిలబడతారు.

సన్నజల్లెడ

ఒప్పుకుంటున్నాను. నేను వాడేదాని మీద బీటా సంఖ్య ఉంది కానీ అది ముఖ్యమని నాకు తట్టలేదు. మరి ట్యాంకుకీ పంపుకీ మధ్య ఇంకో ఫిల్టర్ అదనంగా పెడితే?

నాజిల్_మేస్త్రి

పెట్టొచ్చు, కానీ ఎక్కడ ఏది అన్నది చూసుకోవాలి. ట్యాంకులోంచి డీజిల్ తెచ్చి హై ప్రెజర్ పంపుకి ఇచ్చే చిన్న పంపుని లిఫ్ట్ పంపు అంటారు. అది డీజిల్‌ని లాక్కునే వైపు, అంటే సక్షన్ వైపు, ముతక ఫిల్టరే ఉండాలి. నీళ్లు వేరుచేసే గిన్నె కూడా అక్కడే, 10 నుంచి 30 మైక్రాన్ల జల్లెడతో. సన్నది ఆ లిఫ్ట్ పంపు నెట్టే వైపు, హై ప్రెజర్ పంపుకి ముందు ఉండాలి. నెట్టేటప్పుడు పంపు దగ్గర కావలసినంత బలం ఉంటుంది. లాగేటప్పుడు మాత్రం ఎంత పెద్ద పంపుకైనా సాయం వచ్చేది ఒక్క వాతావరణ పీడనమే. అది సుమారు 1 బార్. అక్కడ సన్న ఫిల్టర్ పెడితే డీజిల్ అందదు, గొట్టం అతుకుల దగ్గర గాలి లాక్కుంటుంది. సందులో బుడగలు పుట్టి పగిలి పంపు లోహాన్నే తినేస్తాయి. ఇంజెక్టర్లు కాపాడుకుందామని సక్షన్ వైపు సన్న ఫిల్టర్ బిగించి పంపు పోగొట్టుకున్న బండ్లు నా చేతి మీదుగా చాలానే వెళ్లాయి.

అదనపు ఫిల్టర్ పెడితే కింద పారదర్శకమైన గిన్నె ఉన్నది తీసుకోండి. పొద్దున్నే టార్చి వేసి చూస్తే అడుగున నీళ్లు తేరుకుని కనిపిస్తాయి. దానికి సాటివచ్చే సెన్సార్ లేదు.

పాతకాపు

ఇంత పెద్ద లెక్కలు అవసరమా? మేము ట్యాంకుకి 200 మి.లీ. టూ స్ట్రోక్ ఆయిల్ పోసి ఇరవై ఏళ్లు తిప్పాం. ఇంజిన్ చప్పుడు తగ్గుతుంది, పంపు నునుపుగా తిరుగుతుంది. ఇప్పటి డీజిల్‌లో గంధకం తీసేశాక జిడ్డు కూడా పోయిందని అందరికీ తెలిసిందే కదా.

కొలతబద్ద

పాతకాపు గారూ, మీ పాత బండికి అది సరిపోయి ఉండొచ్చు. మీ అనుభవాన్ని కాదనను. జిడ్డు సంగతి కూడా సగం నిజమే. గంధకాన్ని తీసే శుద్ధిలో జిడ్డునిచ్చే ఆక్సిజన్, నైట్రోజన్ సమ్మేళనాలు కూడా పోతాయి. గంధకం దానంతటది కందెన కాదు. అయితే ఆ లోటు తెలిసే, డీజిల్ బంకుకి చేరేలోపే అందులో జిడ్డు అడిటివ్ కలుపుతారు. సరిపడా కలిసిందా లేదా అని చూసే పరీక్ష కూడా ఉంది: 6 మి.మీ. ఉక్కు గుండుని 200 గ్రాముల బరువుతో నొక్కి, 60 డిగ్రీల వేడి డీజిల్‌లో, ఉక్కు పళ్లెం మీద సెకనుకి 50 సార్లు చొప్పున 75 నిమిషాలు రుద్దుతారు. ఆ తర్వాత గుండు మీద పడిన అరుగు మచ్చని సూక్ష్మదర్శినిలో కొలుస్తారు. యూరప్ ప్రమాణం ఈఎన్ 590 ప్రకారం ఆ మచ్చ 460 మైక్రాన్లు దాటకూడదు. అమెరికా ప్రమాణం డీ975లో హద్దు 520.

టూ స్ట్రోక్ ఆయిల్ పొగగొట్టంలో డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) ఉన్న బండికి మంచిది కాదు. చాలా రకాల్లో లోహపు అడిటివ్‌లు ఉంటాయి. అవి కాలితే బూడిద అవుతుంది. మసి అయితే డీపీఎఫ్ తనంతట తాను కాల్చేసుకుంటుంది, బూడిదని మాత్రం కాల్చలేదు. అది అక్కడే పేరుకుపోతుంది. జిడ్డు పెంచాలంటే 1 నుంచి 2 శాతం మంచి బయోడీజిల్ చాలు, చాలా దేశాల్లో బంకు డీజిల్‌లో అది ముందే కలిసి ఉంటుంది కూడా.

పాతకాపు

నా బండికి డీపీఎఫ్ లేదు, ఆ తేడా నేను ఆలోచించలేదు. కొత్త బండ్లవాళ్లు నా మాట విని పోయకండి.

లోడుబండి

ఫిల్టర్ కోశాను. మెరుపు ఎక్కడా లేదు, అయస్కాంతం తిప్పితే ఏమీ అంటుకోలేదు. ప్రాణం లేచొచ్చింది. కానీ మడతల మధ్య నల్లటి జిగురు. వేలితో తీస్తే తెగకుండా పొరలా సాగి వస్తోంది, చెరువు మెట్ల మీది పాకుడులా. కుళ్లిన గుడ్డు వాసన. అడుగున చెంచాడు నీళ్లు కూడా ఉన్నాయి. డీజిల్ మాత్రం రద్దీ ఉన్న బంకులోనే కొట్టిస్తాను. వాళ్ల దగ్గర కొట్టించే వేరే బండ్లకి ఈ బాధ లేదు.

నాజిల్_మేస్త్రి

సూక్ష్మజీవులే, సందేహం లేదు. అవి డీజిల్‌ని తింటాయి కానీ బతకడానికి నీళ్లు కావాలి. అందుకే నీటికీ డీజిల్‌కీ మధ్య ఉండే సన్నటి హద్దులో కాపురం పెడతాయి. ఆ వాసన, నీటి అడుగున గాలి లేని చోట పెరిగే బ్యాక్టీరియాది. ఒక మాట అడుగుతాను, నిజం చెప్పండి: బండిని ఎక్కువ రోజులు కదపకుండా ఉంచారా? లేక డీజిల్ ఎక్కడైనా నిల్వ పెట్టుకుని పోస్తున్నారా?

లోడుబండి

నిల్వ ఉంది. రెండు నెలలుగా 200 లీటర్ల డ్రమ్ముతో తెచ్చి పెట్టుకుంటున్నాను. రేకు డ్రమ్ము, లోపల గాల్వనైజ్డ్ పూత. బయట నిలబెట్టి ఉంటుంది. మూత మాత్రం గట్టిగానే బిగిస్తాను అన్నా, వాన నీళ్లు లోపలికి వెళ్లే సందు లేదు.

నాజిల్_మేస్త్రి

దొంగ దొరికాడు. నిలబెట్టిన డ్రమ్ము పైరేకు చుట్టూ అంచు ఉంటుంది కదా, వాన పడితే అది పళ్లెంలా నీళ్లు పట్టి ఉంచుతుంది, మూత ఆ నీళ్లలో మునిగి ఉంటుంది. పగటి ఎండకి లోపలి గాలి ఉబ్బి మూత మరల సందుల్లోంచి బయటికి పోతుంది. రాత్రి చల్లబడగానే డ్రమ్ము ఊపిరి లోపలికి పీలుస్తుంది. గాలికి బదులు పైన నిలిచిన నీళ్లు లోపలికి వస్తాయి. రోజుకి నాలుగు చుక్కలైనా రెండు నెలల్లో ఎంతవుతుందో చూడండి. మూత బిగించానన్న ధైర్యంతోనే అందరూ ఇక్కడ దెబ్బతింటారు.

డ్రమ్ముని నీడలో, పక్కకి పడుకోబెట్టి, రెండు మూతలూ ఒకే అడ్డగీతలో డీజిల్ మట్టానికి కిందుగా వచ్చేలా ఉంచాలి. నిలబెట్టక తప్పకపోతే కొంచెం వాలుగా పెట్టి, నీళ్లు మూత వైపు చేరకుండా చూసుకోవాలి.

కొలతబద్ద

గాల్వనైజ్డ్ అన్నారు కాబట్టి ఇంకో విషయం. ఆ పూత జింకు. డీజిల్‌లోకి జింకు కొద్దికొద్దిగా కరుగుతుంది, ఇంజెక్టర్ రంధ్రాల దగ్గర మసి గట్టిపడటానికి అదే కారణమవుతుంది. ఇంజెక్టర్ శుభ్రపరిచే అడిటివ్‌లని పరీక్షించేటప్పుడు ల్యాబ్‌లో ఇంజెక్టర్లని కావాలని పాడుచేయడానికి డీజిల్‌లో కలిపేది జింకునే, అదీ పది లక్షల్లో ఒక వంతు. రాగి, ఇత్తడి అమరికలు కూడా డీజిల్ నిల్వకి పనికిరావు. ఆ డ్రమ్ము వేరే పనికి వాడుకోండి.

ఇక నీళ్ల లెక్క. ఈఎన్ 590 డీజిల్‌లో కిలోకి 200 మిల్లీగ్రాముల దాకా నీరు ఉండొచ్చు. 60 లీటర్ల ట్యాంకు అంటే సుమారు 50 కిలోల డీజిల్. అంటే మంచి డీజిల్ కూడా నిండు ట్యాంకుకి 10 గ్రాముల దాకా నీటిని తేవచ్చు, రెండు టీస్పూన్లంత. వేడిగా ఉన్నప్పుడు అది చాలావరకు కరిగి ఉంటుంది. రాత్రి చల్లబడితే కొంత విడిపోయి అడుగుకి చేరుతుంది. అందుకే నీళ్లు తీయడం ఒక్కరోజుతో అయిపోయే పని కాదు.

లోడుబండి

ఇప్పుడు ఏం చేయాలి? సూక్ష్మజీవుల మందు పోసి తిప్పితే సరిపోతుందా?

నాజిల్_మేస్త్రి

పాకుడు ఇంతగా ఉన్నప్పుడు మందు ఒక్కటే చాలదు. మందు వాటిని చంపుతుంది, మాయం చేయదు. చచ్చిన పొరలన్నీ ఊడి ఒకేసారి ఫిల్టర్ మీద పడతాయి. ట్యాంకు దింపించి, ఆ డీజిల్ తీసేసి, గోడలు రుద్ది కడిగి, బాగా ఆరబెట్టి బిగించండి. గొట్టాల్లోకి గాలి కొట్టించండి. ఆ తర్వాత తాజా డీజిల్‌తో లేబుల్ మీద చెప్పిన మోతాదులో మందు పోయండి, చేతులకి తొడుగులు తప్పనిసరి, అది మనుషులకీ విషమే. రెండు ఫిల్టర్లు బండిలో పెట్టుకోండి, మొదటిది తొందరగానే నిండుతుంది. తీసిన డీజిల్ నేల మీద పారబోయకండి.

సీసా_చదివేవాడు

అసలు ప్రశ్నలో నాలుగు అడిటివ్ సీసాలు అన్నారు కదా. నాకు ఇందులో ఆసక్తి ఎక్కువ, చాలా ఏళ్లుగా లేబుళ్లు చదువుతున్నాను.

మీకు అన్నిటికన్నా ప్రమాదం ‘నీళ్లు మాయం చేస్తుంది’ అని రాసినది. ఆ మాటకి రెండు వ్యతిరేక అర్థాలు ఉన్నాయి. ఒక రకం నీటిని డీజిల్‌లో సన్నటి బిందువులుగా కలిపేస్తుంది. దాన్ని ఎమల్సిఫయర్ అంటారు. అలా కలిసిన నీటిని మీ సెపరేటర్, అంటే నీళ్లు వేరుచేసే గిన్నె, పట్టుకోలేదు. అది నేరుగా ఇంజెక్టర్ దాకా వెళ్తుంది, అక్కడి వేడికి ఒక్కసారిగా ఆవిరై నాజిల్ మొనకే ప్రమాదం తెస్తుంది. రెండో రకం డీమల్సిఫయర్. అది బిందువుల్ని పెద్దవి చేసి అడుగుకి దించుతుంది, మీరు కింద మర తిప్పి తీసేస్తారు. సెపరేటర్ ఉన్న బండికి రెండోదే పోయాలి. ఆల్కహాల్ ఉన్న సీసాలైతే అసలే వద్దు, నీటిని కలపడమే కాక జిడ్డుని కూడా తగ్గిస్తాయి.

సీటేన్ (డీజిల్ ఎంత తొందరగా అంటుకుంటుందో చెప్పే సంఖ్య) పెంచే సీసా మీ జబ్బుకి పనికిరాదు. ఈఎన్ 590 డీజిల్‌కి సీటేన్ కనీసం 51 ఉంటుంది, దాని మీద ఇంకో రెండు మూడు పెరిగినా మీకు తేడా తెలియకపోవచ్చు. డీ975లో కనీసం 40 మాత్రమే, అలాంటి చోట చలిలో స్టార్టింగ్‌కి, ఇంజిన్ గరుకు చప్పుడు తగ్గడానికి పనికొస్తుంది. ఆ సీసాల్లో ఎక్కువగా ఉండేది 2-ఇథైల్‌హెక్సైల్ నైట్రేట్.

ఇంజెక్టర్లు శుభ్రం చేసేది మంచిదే, కానీ ట్యాంకు కడిగాకే. మురికి ట్యాంకులో పోస్తే గోడలకి పట్టిన మడ్డిని కదిలించి ఫిల్టర్‌కి తెస్తుంది. బయోడీజిల్ ఎక్కువ కలిసిన ఇంధనానికి మొదటిసారి మారినప్పుడు కూడా ఇదే జరుగుతుంది.

మోతాదు దగ్గర చేయి జారనీయకండి. 1:1000 అంటే 60 లీటర్లకి 60 మి.లీ. రెట్టింపు పోస్తే రెట్టింపు గుణం రాదు. రెండు కంపెనీలవి కలపడం అస్సలు వద్దు, ఒకదానిలో నీటిని కలిపేది, రెండోదానిలో విడదీసేది ఉంటే రెండూ దండగ.

మంచుదారి

నాలుగో సీసా చలికి డీజిల్ గడ్డకట్టకుండా చూసేది అయితే ఒక్క ముక్క. అది గడ్డ కట్టాక కరిగించే మందు కాదు. చలికి డీజిల్‌లోని మైనం స్ఫటికాలవుతుంది, మందు పని ఆ స్ఫటికాల్ని చిన్నవిగా ఉంచి ఫిల్టర్లోంచి జారేలా చేయడమే. డీజిల్ ఇంకా తేటగా ఉండగానే కలపాలి. పాల రంగు వచ్చాక పోసి, ఆ రాత్రంతా బండిలో వణికాను. అప్పటి నుంచి చలి సూచన రాగానే ముందు సీసా పోసి ఆపైన డీజిల్ కొట్టిస్తాను, బాగా కలుస్తుంది.

లోడుబండి

ట్యాంకు దింపించాను. అడుగున రెండు వేళ్ల ఎత్తు నల్లనీళ్లు, పైన అరచేతి మందాన పొర. చూశాక అన్నం సహించలేదు. కడిగించి ఆరబెట్టాను. ఫిల్టర్ కంపెనీ రకమే తెచ్చాను, 4 మైక్రాన్ల దగ్గర బీటా 200 అని వాళ్ల పత్రంలో ఉంది. బిగించేముందు కొత్త ఫిల్టర్లో డీజిల్ నింపాలా? ఒకరు నింపమంటున్నారు, ఒకరు వద్దంటున్నారు.

నాజిల్_మేస్త్రి

సన్న ఫిల్టర్ని నింపొద్దు. మధ్య రంధ్రంలోంచి పోసే డీజిల్ ఫిల్టర్ దాటిన శుభ్రమైన వైపు పడుతుంది. అంటే వడకట్టని డీజిల్‌ని మీ చేత్తో మీరే పంపుకి ఇస్తున్నట్టు. ఖాళీగానే బిగించి చేతి పంపుతో ఎయిర్ తీయండి. చేతి పంపు లేకపోతే తాళం ఆన్ చేసి లిఫ్ట్ పంపు చప్పుడు ఆగేదాకా ఉండి ఆఫ్ చేయండి, అలా నాలుగైదు సార్లు. ఎయిర్ పోకుండా సెల్ఫ్ కొడుతూ ఉంటే పంపు పొడిగా తిరుగుతుంది.

ఓరింగ్‌కి, అంటే ఫిల్టర్ అంచున ఉండే రబ్బరు రింగుకి, శుభ్రమైన డీజిల్ రాయండి, పాతది హౌసింగ్‌కి అతుక్కుని ఉండిపోలేదు కదా అని వేలితో తడిమి చూడండి. గుడ్డ పీచులు వదిలేదైతే వాడొద్దు. అవసరం లేకుండా మాటిమాటికీ విప్పినా దుమ్ము లోపలికి వెళ్తుంది.

లోడుబండి

మూడు వారాల తర్వాత వస్తున్నాను. మందు పోశాక మొదటి ఫిల్టర్ 900 కి.మీ.కే మార్చాను, అన్న చెప్పినట్టే నల్లటి పొరలు వచ్చాయి. రెండోది వేసి 3,500 కి.మీ. అయింది. నిన్న పూర్తి లోడుతో అదే ఎత్తు ఎక్కాను. స్కానర్ పెట్టుకుని చూశాను, రైల్లో అడిగిన పీడనమూ వస్తున్న పీడనమూ పక్కపక్కనే కదులుతున్నాయి. పీ0087 మళ్లీ రాలేదు.

వారానికోసారి పొద్దున్నే సెపరేటర్ మర వదులు చేసి గాజు సీసాలోకి పట్టుకుంటున్నాను. మొదటి వారం అడుగున గోరంత నీరు. రెండో వారం నాలుగు చుక్కలు. ఇవాళ సీసాని వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే అవతల పెట్టిన పేపరు మీద అక్షరాలు చదవగలిగాను.

సీసా_చదివేవాడు

చాలా సంతోషం. మరి ఆ నాలుగు సీసాల్లో ఏది కొన్నారు?

లోడుబండి

శుభ్రపరిచేది ఒక్కటే, డీమల్సిఫయర్ కూడా ఉన్నది. జింకు డీజిల్ రెండు నెలలు తాగింది కాబట్టి రెండు ట్యాంకులు పోసి ఆపేద్దామనుకుంటున్నాను. డ్రమ్ము తీసేశాను.